పసుపు కార్డులు లేని చివరి వరస

జర్మనీ పోయి ఏం చూసొచ్చారు మేడమ్ అని కాలేజీలో అడిగితే "ఏథెన్స్" అన్నాను. స్టాఫ్ రూమ్ అంతా ఘొల్లుమంది. జాగ్రఫీ సత్తయ్య సారైతే కుర్చీలోంచి లేచి, గోడ మీది మ్యాపు దగ్గరికి వెళ్ళి, గ్రీసు ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూపించాడు. నవ్వితే నవ్వనీ. నేను చూసింది ఏథెన్సే. ఎట్లా చూశానో చెప్తాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్ళుగా చరిత్ర చెప్తున్నాను. అందులో గ్రీకు నగర రాజ్యాల పాఠం వచ్చిందంటే నాకు పండుగే. ఒక్కో ఊరూ ఒక్కో దేశం, ఒక్కో దేశానికి ఒక్కో పాలన! ఏథెన్స్ వాళ్ళు కొండ మీద సభ పెట్టి చేతులెత్తి చట్టాలు చేసుకునేవారు. సభకు రాకుండా బజార్లో కబుర్లు చెప్పుకునే వాళ్ళను ఎర్ర రంగులో ముంచిన తాడుతో తోలుకొచ్చేవారు. బట్టకు రంగు అంటిందా, జరిమానా కట్టాల్సిందే. స్పార్టాలో పెద్దల్ని ఎన్నుకోవాలంటే ఎవరికి జనం గట్టిగా అరిస్తే వాళ్ళే గెలిచినట్టు. ఇవన్నీ చెప్తుంటే వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్ర లేచేవారు.

కరోనా వచ్చిన ఏడు మా అక్క కూతురు స్వప్న కాన్పుకని జర్మనీలోని ఆకెన్ ఊరికి వెళ్ళాను. మూడు నెలల్లో తిరిగి రావాలి. విమానాలు బంద్ అయ్యాయి. బాలింతకు పథ్యం వండుతూ, కిటికీలోంచి ఖాళీ బస్సులను చూస్తూ వేసవి దాకా అక్కడే ఉండిపోయాను. చివరికి వీసా పొడిగింపు అయిపోయే ముందు ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. సరిగ్గా అప్పుడే మ్యూనిక్ నుంచి సరిత ఫోన్ చేసింది. డిగ్రీలో సరిత నా స్టూడెంట్, తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి పోయింది. పన్నెండేళ్ళుగా అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భర్త, ఆరేళ్ళ కూతురు.

"మేడమ్, మీరు ఇండియా పోయే ముందు ఒక్కసారి మా ఇంటికి రావాలె. మిమ్మల్నొకటి అడగాలె. ఫోన్ల చెప్పేది కాదు."

"ఏందే, కొంపలేమన్నా మునిగినయా?"

"మునగలే గని, మీరు రాండ్రి. ఈడ మ్యూజియం నిండా మీ గ్రీకు కుండలే ఉన్నయి."

కుండలన్నాక ఇంకేం ఆగుతాను?

రైల్లో ఆపిల్ పండు

స్వప్న నన్ను రైలెక్కించి వంద జాగ్రత్తలు చెప్పింది. మాస్కు తీయకూడదు, తినేటప్పుడు తప్ప. మాస్కులోంచి పైకొచ్చే ఊపిరికి కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి, జర్మనీలోని పచ్చని కొండలన్నీ నాకు మంచులో ఉన్నట్టే కనిపించాయి. ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. మాస్కు గడ్డం కిందికి లాగి ఆపిల్ తింటోంది. ఎంతసేపు తిన్నదనుకున్నారు? ఒక కొరుకు కొరికి పది నిమిషాలు నములుతుంది. టికెట్లు చూసే అతను వచ్చినప్పుడల్లా పండు పైకెత్తి చూపిస్తుంది. ఓహో, ఊపిరాడాలంటే తింటూనే ఉండాలన్న మాట! నేనూ పులిహోర డబ్బా తీశాను. ఒక్కో పల్లీ ఏరుకుంటూ రైన్ నది పొడుగునా ప్రయాణం చేశాను. దిగేటప్పుడు ఆవిడ నాకు కన్ను గీటింది. ఇంట్లో మనుషులతో తప్ప మాట్లాడక నెలలైంది కదా, ఆ కన్నుగీటు నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

హైడెల్‌బర్గ్‌లో చిక్కుడు గింజలు

ఒక రాత్రి మజిలీ హైడెల్‌బర్గ్‌లో. స్వప్న స్నేహితురాలి గది ఖాళీగా ఉంది. అందరూ కోటకు వెళ్ళమన్నారు కానీ, గది కిందే ఒక గ్రీకు హోటల్ ఉంటే నేను కోటకెందుకు పోతాను? లోపలికి అడుగు పెట్టగానే చేతుల మీద ఇంత శానిటైజర్ పోసి, పేరూ ఫోన్ నంబరూ రాయించుకున్నారు. ఎవరికైనా జబ్బు తేలితే కబురు చేయడానికట.

యజమాని పేరు యానిస్. డెబ్బై ఏళ్ళుంటాయి. కుర్రతనంలో ఓడల్లో పనిచేశాడట, ఇంగ్లీషు వచ్చు. మాంసం తిననని చెప్తే పాపం చాలా బాధపడి, టమాటా పులుసులో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు తెచ్చాడు. తొమ్మిది యూరోలు! మా కూరగాయల మార్కెట్లో ఆ డబ్బుకు సంచి నిండుతుంది. అయినా రుచి బాగుంది. సంచీలోంచి మామిడికాయ తొక్కు తీసి ఓ మూల వేసుకుంటే ఇంకా బాగుంది. యానిస్ అది చూసి ఒక గోరంత నాలుక మీద పెట్టుకొని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ అడిగాడు.

"మీ ఏథెన్స్ గురించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానండీ" అన్నాను గర్వంగా.

"ఏథెన్సా? అక్కడ ట్రాఫిక్ ఎక్కువ. నాకు పడదు" అన్నాడు. "మాది ఉత్తరాన సముద్రం ఒడ్డున పల్లె."

నా ముప్పై ఏళ్ళ పాఠం మీద అట్లా నీళ్ళు చల్లి ఊరుకున్నాడు. ఆ రోజు హోటల్లో ఇద్దరమే ఉన్నాం కాబట్టి కుర్చీ దూరంగా లాక్కుని కబుర్లలో పడ్డాడు. నలభై ఏళ్ళ కింద ఫ్యాక్టరీ పనికి వచ్చాడు. పిల్లలిక్కడే పుట్టారు. కానీ జర్మనీ పాస్‌పోర్టు తీసుకోలేదు.

"ఎందుకు తీసుకోలేదు?"

"మా అమ్మ ఏడుస్తుంది."

"ఇప్పుడు ఎక్కడున్నారు అమ్మ?"

"చనిపోయి ఇరవై ఏళ్ళయింది" అన్నాడు. "అయినా ఏడుస్తుంది."

నాకు ఎంత నచ్చాడో ఆ పెద్దమనిషి! ఏథెన్స్‌లో కూడా ఇట్లాంటి పరాయి ఊరి వాళ్ళుండేవారు. వాళ్ళను మెటిక్‌లనేవారు. అక్కడే కాపురం, అక్కడే వ్యాపారం. ప్రత్యేకంగా పన్ను కట్టాలి, యుద్ధమొస్తే కత్తి పట్టాలి. సభలో మాత్రం చెయ్యెత్తే హక్కు లేదు. అయినా తమ ఊరి పేరు వదులుకునేవారు కాదు. మనిషంటే అట్లా ఉండాలని నిండు మనసుతో గదికి పోయి పడుకున్నాను.

మ్యూనిక్, సరిత వంటిల్లు

సరితను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. మాస్కు వల్ల కాదు. మనిషి మెత్తబడిపోయింది. నా క్లాసులో సరిత అంటే చిచ్చుబుడ్డి.

ప్రతి ఏడూ ఆ పాఠానికి నేనొక ఆట ఆడించేదాన్ని. చీట్లు తీయించి కొందరిని పౌరుల్ని, కొందరిని మెటిక్‌లని, కొందరిని ఆడవాళ్ళని, కొందరిని బానిసల్ని చేసేదాన్ని. పౌరుల చీటీ వచ్చిన వాళ్ళే చెయ్యెత్తాలి. ఫ్యాన్ తిరగని గదిలో, ఏప్రిల్ నెల ఉక్కలో, అరుపులకు పక్క క్లాసు లెక్చరర్ వచ్చి తలుపు కొట్టేది. సరితకు మెటిక్ చీటీ వచ్చింది. ఊరుకుంటుందా? నడుం మీద చెయ్యి పెట్టుకొని లేచి, "పన్ను గట్టుడు మేం, సచ్చుడు మేం, చెయ్యెత్తుడు మాత్రం మీరా? ఇదేం సభ మేడమ్?" అని గంటంతా కొట్లాడింది. బెల్లు కొట్టినా కూర్చోలేదు. ఎన్ని బ్యాచ్‌లు పోయినా ఆ మధ్యాహ్నం నాకు కళ్ళ ముందే ఉంటుంది. ఆ రోజులే వేరు.

ఇప్పుడు ఆ పిల్ల ట్రామ్‌లో ఎవరో తోసి ముందుకు పోతే "సారీ" అని తనే అంటోంది.

సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండి ఇండియన్ షాపుదట, కరివేపాకు ఫ్రిజ్‌లోది, అయినా మా కరీంనగర్ వాసన వచ్చింది. ఆమె కూతురు అన్వి నన్ను చూసి తలుపు వెనక నక్కింది. "అమ్మమ్మ దగ్గరికి రా బిడ్డా" అంటే "నైన్" అంది. జర్మన్‌లో వద్దని చెప్పడమట. భర్త కిరణ్‌ది గుంటూరు, నెమ్మదస్తుడు. తిన్నాక అన్విని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు. అప్పుడు సరిత విషయం బయటపెట్టింది.

"నాకు జర్మనీ పౌరసత్వం ఇస్తమన్నరు మేడమ్. గని ఇండియా పాస్‌పోర్టు వాపస్ ఇయ్యాలె. రెండూ ఉంచుకోనియ్యరు. వచ్చే వారమే టెర్మిన్, ఆఫీసుకు రమ్మని తారీఖు ఇచ్చిన్రు."

"కిరణ్ ఏమంటడు?"

పక్క గదిలోంచే జవాబొచ్చింది. "నేను మార్చుకోవట్లేదండీ. తన సంగతి తన ఇష్టం."

"మా బాపు ఫోన్ల ఒకటే లొల్లి," అంది సరిత. "ఆఖరికి ఏమన్నడో తెలుసా? మీ మేడమ్‌ను అడుగు, ఆమె ఎట్ల చెప్తే అట్ల చెయ్యి, మళ్ళ నేనేం మాట్లాడ అన్నడు. మీరు వద్దంటే క్యాన్సిల్ చేస్త మేడమ్. మళ్ళా అడగ."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దు" అన్నాను. ఏథెన్స్‌లో పౌరసత్వం తీసేయడమంటే పెద్ద శిక్ష, దాన్ని నీ అంతట నువ్వు తీసేసుకుంటావా అని క్లాసు పీకాను. యానిస్ సంగతీ చెప్పాను. సరిత వింటూ గిన్నెలు కడిగింది. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదే నాకు గుచ్చుకుంది.

కుండల మధ్య

మర్నాడు మ్యూజియం. కరోనా భయానికి ఎవరూ లేరు. అంత పెద్ద గదుల్లో మేమిద్దరమే. అబ్బ, ఏం కుండలవి! నల్లటి ఒళ్ళు, ఎర్రటి బొమ్మలు. నీళ్ళ ధార దగ్గర బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ముచ్చట్లాడుతున్నారు. చెప్పులు కుట్టే అతను ఎవరి పాదమో కొలుస్తున్నాడు. చేపలు కోస్తున్నాడొకడు. బజారుకు పోయి సామాన్లు తెచ్చేది అక్కడ మగవాళ్ళేనని గుర్తుచేస్తే, "ఆ ఒక్కటి బాగుంది" అంది సరిత. వాళ్ళ తిండి కూడా మన జొన్న గట్కకు చుట్టమే. బార్లీ పిండి కలిపి ముద్ద చేసుకొని, ఆలివ్ కాయలో, ఎండు చేపో నంజుకునేవారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళు ఈ కుండను బోర్డు మీద సుద్దముక్కతో గీశాను. చెవుల్లాంటి ఆ పిడులు తప్పు గీశానని ఇప్పుడు తెలిసింది.

"మీరు గీసింది మా ఊరి బిందె లెక్క ఉండె మేడమ్," అంది సరిత. "నాకు అదే మంచిగనిపించింది." ఇద్దరం నవ్వుకున్నాం.

ఒక గదిలో సమాధి రాయి ఉంది. పక్కనున్న ఇంగ్లీషు అట్ట చదివాను. ఏథెన్స్‌లో బతికి ఏథెన్స్‌లోనే పోయిన ఒక మెటిక్‌ది. రాయి మీద అతని పేరు, పేరు పక్కన ఎక్కడో సముద్రం అవతలున్న అతని సొంత ఊరి పేరు.

"చూశావా!" అన్నాను. "చచ్చినా ఊరి పేరు విడిచిపెట్టలేదు."

సరిత రాయి దగ్గరికి వంగి ఆ పేరు చూసింది. "బతికున్నప్పుడు ఒక్క మాటన్నా అడిగిన్రా మేడమ్ ఆయన్ను? మాకిది గావాలె, మాకిది వద్దు అని చెప్పనిచ్చిన్రా?"

ఆకలేస్తోంది పదమన్నాను.

స్కూలు హాల్లో సభ

ఆ సాయంత్రం సరిత నన్ను వాళ్ళ పేట సభకు తీసుకుపోయింది. మ్యూనిక్‌లో ఒక్కో పేటకూ అప్పుడప్పుడు ఇట్లాంటి సభ పెడతారు. అక్కడుండే వాళ్ళు లేచి మాకు ఫలానాది కావాలని చెప్పొచ్చు, చేతులెత్తి తీర్మానం చేయొచ్చు. తీర్మానమైతే నగరపాలక సభ దాన్ని పట్టించుకోక తప్పదు. వినగానే నా ఒళ్ళు పులకరించింది. పుస్తకంలో చదివి చదివి, పిల్లలతో ఆడించి ఆడించి, ఇన్నేళ్ళకు నిజంగా చూడబోతున్నాను!

సరితకు అక్కడ పని ఉంది. అన్వి బడి ముందు రోడ్డు మీద సిగ్నల్ లేదు. ఎండాకాలం మొదట్లో బడి తెరిచిన కొత్తలో అన్వి స్నేహితురాలిని కారు గుద్ది కాలు విరిగింది. అన్వి ఆ పిల్ల చెయ్యి పట్టుకునే ఉంది. అప్పటి నుంచి సరితకు రాత్రిళ్ళు నిద్ర లేదు. కలవడానికి వీల్లేని రోజులైనా ఆ వీధి తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేసి కూడగట్టింది.

స్కూలు ఆటల హాల్లో కుర్చీలు దూరం దూరంగా వేశారు. తలుపు దగ్గర గుర్తింపు కార్డు చూసి, పౌరులకు పసుపు రంగు అట్ట ఇస్తున్నారు. అదే ఓటు. సరిత కార్డు చూసి నవ్వుతూనే వెనక వరస చూపించారు. సరిత లాంటి వాళ్ళు అక్కడ మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. వెనక వరసలో అప్పటికే ఆ వీధి తల్లిదండ్రులున్నారు. సిరియా అతను, ఇద్దరు తెలుగు ఇంజనీర్లు, ఒక వియత్నాం ఆవిడ, నా వయసు టర్కీ ముసలమ్మ. రోజూ ఆ రోడ్డు దాటే వాళ్ళంతా వెనక ఉన్నారు, చేతిలో ఏమీ లేకుండా.

సరిత పేరు పిలిచారు. హాలు మధ్యలో ఉన్న మైకు దగ్గరికి పోయి లోగొంతుకతో మొదలుపెట్టింది. అధ్యక్షురాలు కొంచెం గట్టిగా మాట్లాడమన్నట్టుంది. అప్పుడు సరిత కుడి చెయ్యి మెల్లగా నడుం మీదికి పోయింది. వచ్చిందిరా నా పిల్ల! ఆమె మాట్లాడిన జర్మన్‌లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ గొంతు మాత్రం బాగా తెలుసు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం గంటంతా విన్న గొంతే. ముందు వరసల్లో వాళ్ళు వెనక్కి తిరిగి మరీ చూశారు. తర్వాత ఒక దుకాణం ఆయన లేచి కాదన్నాడు. సిగ్నల్ పెడితే బండ్లు ఆపుకునే చోటు పోతుందట, సరిత వచ్చి నా పక్కన కూర్చుని చెప్పింది.

ఓటింగ్ అన్నారు. ముందు వరసల్లో పసుపు అట్టలు లేచాయి. నా చెయ్యి కూడా లేచింది. లేపాలని అనుకోలేదు. ముప్పై ఏళ్ళుగా సభ అంటే ముందు నేనే చెయ్యెత్తి పిల్లలకు చూపించేదాన్ని, దానంతట అదే లేచింది. నన్ను చూసి టర్కీ ముసలమ్మ, ఇదే పద్ధతి కాబోలనుకుందేమో, తనూ ఎత్తింది. లెక్క పెడుతున్న అమ్మాయి మా ముందు ఆగి, కార్డు ఎక్కడని అడిగింది. హాలంతా మా వైపు తిరిగింది.

"మేడమ్, చెయ్యి దించుండ్రి! మీది టూరిస్టు వీసా!" సరిత నా మోచెయ్యి పట్టి లాగింది.

అందరూ నవ్వారు, మంచిగానే నవ్వారు. అధ్యక్షురాలు కూడా. నేను తల దించుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. తీర్మానం ఓడిపోయింది. ఎంత తేడాతో అనుకున్నారు? మా వెనక వరసంత కూడా లేదు.

రోడ్డు దగ్గర

బయటికొచ్చాం. వెలుతురు ఇంకా ఉంది. సరిత బడి ముందు రోడ్డు అంచున ఆగి, మాస్కు లాగి పడేసి, తిట్టడం మొదలుపెట్టింది. దుకాణం ఆయన్ను, సభను, కార్లను, నన్ను. శుద్ధమైన మా జిల్లా తెలుగులో.

"పన్నెండేండ్లు మేడమ్! జీతంల సగం పన్నే గడుతున్న. నా బిడ్డ ఈడనే పుట్టింది, రేపు ఈ రోడ్డే దాటాలె. గుద్దితే నా బిడ్డనే గుద్దుతది, ఆయన దుకాణాన్ని గాదు. ఒక్క అట్ట లేదు నా చేతుల. వెనక కూసున్నోళ్ళల్ల సగం మందికి ఉన్నా గెలుస్తుంటిమి."

తిట్టి తిట్టి గొంతు పోయాక చిన్నగా అంది. "అయినా మీరు వద్దన్నరు కదా. పాస్‌పోర్టు చేతుల వట్టుకుంటే బాపు యాదికొస్తడు. వంద చోట్ల దిరిగి చేపిచ్చిండు దాన్ని. ఇచ్చేస్తే నేను ఎవరిదాన్ని మేడమ్?"

యానిస్ అమ్మ గుర్తొచ్చింది నాకు. సరిత పాస్‌పోర్టు ఇచ్చేస్తే ఇక్కడ ఆ అమ్మలా ఏడ్చేదాన్ని నేనే. నిన్న నేను వద్దన్నది ఎవరి కోసం? సరిత మా కాలేజీ పిల్లగా, మా ఊరి పిల్లగా, నా చీట్ల ఆటలో చిచ్చుబుడ్డిగా ఎప్పటికీ ఉండాలని. కానీ ఆ పిల్ల ఆ రోజు క్లాసులో ఏమడిగింది? చెయ్యెత్తనియ్యమనే కదా. అడగడం నేర్పింది నేనే. ఇప్పుడు దొరుకుతుంటే వద్దనే హక్కు నాకెక్కడిది?

"ఇచ్చెయ్," అన్నాను.

"ఆఁ?"

"పాస్‌పోర్టు ఇచ్చెయ్యి. ఆ అట్ట తీసుకో. మీ బాపుతోని నేను మాట్లాడుత. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఏడుద్దాం."

సరిత నా భుజం మీద పడి ఏడ్చింది. అప్పటికి మనుషులు ఒకరినొకరు ముట్టుకోకూడని రోజులు. దూరముండాలని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా వదల్లేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మన దేశానికి ఒక పౌరురాలిని నా నోటితో నేనే లేకుండా చేశాను, అదీ నా పిల్లల్లోకెల్లా మంచిదాన్ని. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మళ్ళీ అడిగినా మళ్ళీ అదే చెప్తాను.

"ఇంక పోదామా?" అన్నాను కొంతసేపటికి.

"ఆగుండ్రి మేడమ్, కారొస్తుంది" అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.